గురిగిలో బిళ్ళలు

వంటింటి గూట్లో, మెంతులు పోసిన చిన్న మట్టి గురిగిలో యాదలక్ష్మి చెయ్యి ఇరుక్కున్నట్టు ఉండిపోయింది. ఆమె వెనక, గుమ్మంలో అత్త గుర్వమ్మ నిలబడి చూస్తున్నది. పోయిన వారం ఆ ఇద్దరినీ మనం అక్కడే వదిలిపెట్టి వచ్చాం.

అంతకు ముందు జరిగింది రెండు మాటల్లో చెప్పుకోవాలి. జడ్చర్లకు రెండు కోసుల దూరంలో ఉన్న ఊళ్ళో గొర్ల బీరప్ప ఇంటి కోడలు యాదలక్ష్మి. భర్త అంజన్న జడ్చర్ల నూనె మిల్లులో పనికి పొద్దున పోయి మాపటికి వస్తాడు. మొదటి కాన్పులో ఆడపిల్ల. రెండో కాన్పులో మగబిడ్డ పుట్టి కన్ను తెరవకుండానే పోయాడు. రక్తం ఆగక తల్లి కూడా పోవలసిందే. మిషన్ దవాఖానలో డాక్టర్ లీలమ్మ ఎలాగో నిలబెట్టింది. "ఈ పిల్ల ఒంట్లో మళ్ళీ రక్తం పట్టాలి. అప్పటిదాకా కడుపు రాకూడదు. వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు" అని అంజన్నకు గట్టిగా చెప్పింది. ముందు లూపు వేస్తే యాదలక్ష్మికి పడలేదు, ఉన్న రక్తం కూడా పోవడం మొదలైంది. అది తీసేసి, కొత్తగా వచ్చిన బిళ్ళలు ఇచ్చింది. నెలనెలా ఆ బిళ్ళల సీసాను గాజులమ్మే లాల్ బీ తన గంపలో దాచి తెస్తుంది. మనుమడి కోసం మల్లన్నకు మొక్కుకుంటున్న గుర్వమ్మకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు. అయితే రెండు నెలలుగా సీసా ముందే ఖాళీ అవుతున్నది. యాదలక్ష్మి మింగుతున్నవి కాక ఇంకెవరో తీస్తున్నారు.

"ఏం దేవులాడుతున్నవ్?" అన్నది గుర్వమ్మ.

"మెంతులు అత్తా."

"మెంతులెందుకు?"

"పులుసులకు."

"పొయ్యి మీద పప్పుడుకుతాంది. పులుసెక్కడిది?"

గుర్వమ్మ లోపలికి వచ్చి తలుపు మూసింది. గడియ పెట్టింది. పట్టపగలు ఆ ఇంట్లో తలుపు గడియ పడటం యాదలక్ష్మి కాపురానికి వచ్చినప్పటి నుంచి చూడలేదు. వాకిట్లో ఆరబోసిన పల్లికాయ మీద కోళ్ళు పడితే అదిలించడానికైనా తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. ఇప్పుడు వంటింట్లో సగం చీకటి. గొంగడి మీద నిద్రపోతున్న కూతురు ఒకసారి కదిలి మళ్ళీ పడుకున్నది.

"తియ్యి చెయ్యి. అందులున్నదేందో నాకు చూపియ్యి."

యాదలక్ష్మి గురిగిలోంచి చెయ్యి తీసింది. పిడికిట్లో సీసా. మూతకు మెంతి గింజలు అంటుకుని ఉన్నాయి. దాన్ని అత్త ముందు నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. పుట్టింటికి పంపిస్తారేమో అనుకున్నది. మూటాముల్లె సర్దుకుని నల్లగొండ దిక్కు బస్సెక్కితే, ఈ పిల్లను తనతో పంపుతారా, ఉంచుకుంటారా అని కూడా అనుకున్నది. అలా అనుకోగానే భయం పోయి దాని స్థానంలో కోపం వచ్చింది.

"అవునత్తా. అవి మింగితే కడుపు రాదు. నీ కొడుక్కు ఎరికే. ఆయన తెచ్చుకోమంటేనే తెచ్చుకున్న. నన్ను కొడతవా కొట్టు. ఊరంత పిలిచి చెప్తవా చెప్పు. గనీ..."

"నాకెరికే," అన్నది గుర్వమ్మ.

యాదలక్ష్మి గోడను వదిలి అత్త వైపు చూసింది.

"దసరా ముందటి సంది ఎరికే. లాల్ బీ గంపల సీసా నేనే చూసిన. దగ్గు మందా అని అడిగిన. దానికి అబద్ధమాడ రాదు, మొఖం చూస్తేనే దొరికిపోతది. దాన్నేమనకు. బతిమిలాడి నేనే చెప్పిచ్చుకున్న."

"దసరా ముందటి సంది ఎరుకుండి... నన్నొక్క మాట అడగలేదు?"

"ఏమని అడుగుత?"

"అడగకుండ బిళ్ళలు తీసి పారబోస్తున్నవా?" యాదలక్ష్మి గొంతు పెరిగింది. "డాక్టరమ్మ రోజుకొకటి లెక్క జూసి పోసిస్తది అత్తా. నువ్వు తీసినయి నాకు తక్కువ పడుతున్నయి. పోయిన నెల సీసా ముందుగాలనే అయిపోయింది. లాల్ బీ వచ్చేదాక నా తాన ఒక్క బిళ్ళ లేదు. ఆ రోజులల్ల నాకేమన్నయితే? నీకు మనుమడు గావాలె. నేనుంటేంది, సస్తేంది? గంతేనా?"

గుర్వమ్మ పొడుగాటి మనిషి. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఎండలో జీవాల వెంట తిరిగి ముఖం మాత్రం చెక్కినట్టు గట్టిబడింది. ఆ ముఖంలో ఎప్పుడూ ఏమీ కనబడదు. ఇప్పుడు కింది పెదవి అదురుతున్నది. పొయ్యి దగ్గర పీట మీద కూలబడ్డది.

"గా దినం నీ నెత్తురు ఎత్తిపోసింది ఎవరనుకున్నవ్? నా రెండు చేతులతోని ఎత్తిపోసిన. బండిల నీ తల నా ఒళ్ళనే ఉండె. నువ్వు సస్తేందని నేనంటనా యాదీ?"

"మరి మనుమడు మనుమడని రోజూ..."

"నోటితోని అంట. అనకుంటే అడిగెటోళ్ళకు ఏం చెప్పాలె? కోడలికి ఒంట్ల బాగలేదని చెప్తే, ఇంకో పిల్లను చూడుమంటరు వానికి. నేను మొక్కుకుంటున్నంత సేపు ఒక్కరు నోరు తెరువరు."

యాదలక్ష్మికి ఆ మాటను అర్థం చేసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఏడాదిగా తాను చెవులు మూసుకున్న మాటలు, తన పక్కన నిలబడి అడ్డం పెట్టిన మాటలా? అయినా బిళ్ళల సంగతి మిగిలే ఉంది.

"మరి బిళ్ళలెందుకు పారబోసినవ్?"

"పారబోయలే."

"పారబోయకుంటే ఏం జేసినవ్?"

గుర్వమ్మ పొయ్యిలోకి చూస్తూ, కట్టెను లోపలికి తోసింది. తోయవలసిన అవసరం లేదు, పప్పు ఎప్పుడో ఉడికింది.

"మింగిన," అన్నది.

యాదలక్ష్మికి మొదట సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. "నువ్వా?"

"నేనే."

"నువ్వెందుకు మింగినవ్?"

"ఎందుకు మింగుతరు?" గుర్వమ్మ గొంతు కటువుగా లేచి, మళ్ళీ పడిపోయింది. "నేనేమన్న ముసల్దాన్నా? పదమూడేండ్లకు ఈ ఇంటికొచ్చిన. పదహారేండ్లకు అంజిగాడు పుట్టిండు. వానికిప్పుడు ఇరవై నాలుగు. లెక్క నువ్వే చూస్కో. నాకింక ముట్టు నిలవలే. మీ మామేమో మంద కాడికెల్లి నాలుగొద్దులకో, ఐదొద్దులకో ఇంటికొస్తడు..." ఆమె ముఖం గోడవైపు తిప్పుకున్నది. "ఆయనను వద్దనేదెట్ల? ఇరవై ఏడేండ్ల సంది అననిది ఇప్పుడేమని అనాలె?"

యాదలక్ష్మి మెల్లగా నేల మీద కూర్చున్నది. ఇద్దరి మధ్య సీసా ఉంది.

"ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు జేసిన. ఇంట్ల కోడలున్నది, మనుమరాలున్నది. ఇప్పుడు నాకు కడుపొస్తే నేనేడ మొఖం పెట్టుకోవాలె యాదీ? బాయి కాడ ఆడోళ్ళు నవ్వుతరు. అల్లుండ్లు పండుగకు వస్తే నా పొట్ట చూసి ఏమనుకుంటరు? అంజిగాని ముందట ఎట్ల తిరగాలె? కోడలికి కాకుంట అత్తకైందని ఊరంత..." మాట ఆగింది. "లాల్ బీ చెప్పంగనే నాకు పానం లేచొచ్చింది. దేవుడే పంపిండనుకున్న. నిన్ను అడుగుదామనుకున్న. నోరు రాలే. మీ మామ ఇంటికొచ్చిన నాడు ఒకటి తీసి మింగిన."

"వచ్చిన నాడే?"

"వచ్చిన నాడే. జ్వరం బిళ్ళ జ్వరమొచ్చిన నాడే కదా వేసుకుంటరు. మిగిలిన దినాలు నీకు తక్కువ చెయ్యొద్దని ముట్టలే."

యాదలక్ష్మి రెండు చేతులతో తల పట్టుకున్నది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"అత్తా, అది గట్ల పని చెయ్యదు."

"ఏందట్ల?"

"వచ్చిన నాడు మింగితే పని చెయ్యదు. డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చూపిచ్చింది." యాదలక్ష్మి అత్త వైపు జరిగింది. "ఆడదాని కడుపుల నెలకొక గుడ్డు తయారైతదట. నెల నడిమిట్ల అది దిగుతది. అప్పుడు మొగోడు దగ్గరికొస్తే కడుపు నిలుస్తది. ఈ బిళ్ళల మందు ఏం జేస్తదంటే, కడుపు ఇప్పటికే నిలిచిందని ఒంటిని నమ్మిస్తది. అట్ల నమ్మితే ఇంకో గుడ్డు దిగదు."

గుర్వమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. చిన్నప్పటి నుంచి జీవాల మధ్య పెరిగిన మనిషి. ఆ మాట ఆమెకు సులువుగానే ఎక్కింది. "చూడి గొర్రె మల్ల ఎదకు రాదు. గంతేనా?"

"గంతే. గనీ గొర్రెకు నిజంగనే చూడి ఉంటది. మనకు ఉత్త నమ్మకం. రోజూ మందు పడితేనే నమ్ముతది. రోజూ ఒక్క యాళకు పడాలె. మొగడు ఇంట్ల ఉన్నా, మంద కాడ ఉన్నా. నడుమ మానితే ఒంటికి తెలిసిపోతది, గుడ్డు కదులుతది."

"మొదలుపెట్టిన నాడే పని మొదలైతదా?"

"కాదు. ముట్టయిన అయిదో నాడు మొదలుపెట్టాలె. మొదటి వారం పది దినాలు దాన్ని నమ్మొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆ దినాలు మొగనికి దూరముండాలె. సీసా అయిపోయినంక ముట్టయితది. మల్ల అయిదో నాటి సంది కొత్త సీసా. పోయిన నెల నాకు అయిదో నాటికి సీసా లేదు, లాల్ బీ వారం ఆలస్యంగ వచ్చె. అందుకే నీ కొడుకును..."

"వాకిట్ల మంచమేసుకున్నది గందుకా?" గుర్వమ్మ తల ఎత్తింది. "మీ ఇద్దరికి పడతలేదనుకున్న. రెండు సార్లు మల్లన్నకు కొబ్బరికాయ గూడ కొట్టిన."

యాదలక్ష్మికి నవ్వు రాబోయి ఆగిపోయింది. అత్త ముఖం చూసి ఆగిపోయింది. గుర్వమ్మ చూపు సీసా మీద ఉంది. పెదవులు ఏదో లెక్క వేస్తున్నట్టు కదులుతున్నాయి. ఆయన వచ్చిన రోజులు, తాను బిళ్ళ మింగిన రోజులు, మింగని రోజులు.

"అయితే నేను మింగినయి..."

"అన్నీ ఉత్తగనే పోయినయి అత్తా."

"ఒక్కటి గూడ పని చెయ్యలే?"

"లేదు."

బయట కోళ్ళు పల్లికాయ మీద పడి గీరుతున్న చప్పుడు వినబడుతున్నది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

యాదలక్ష్మి అడగాలనుకున్నది, అడగడానికి భయపడ్డది. ఈ ఇంట్లో అత్త ముట్టయిన సంగతి కోడలికి తెలుస్తూనే ఉంటుంది. ఆ మూడు రోజులు వంట తనే చేస్తుంది. దసరా తరువాత తాను అలా వంట చేసిన గుర్తు లేదు.

"అత్తా, నీకు ముట్టయి ఎన్నాళ్ళయింది?"

గుర్వమ్మ సీసాను వేలితో పక్కకు జరిపింది.

"దసరా పోయినంక అయినవా?"

గుర్వమ్మ తల అడ్డంగా ఊపింది.

"అయితే మాత్రం ఏంది?" యాదలక్ష్మి తొందరగా అన్నది. ఆ తొందరలో ధైర్యం తనకోసమే చెప్పుకుంటున్నట్టుంది. "కడుపే అని ఎవరు చెప్పిండ్రు? ఈ బిళ్ళలు ఒకనాడు మింగి ఒకనాడు మానితే ముట్టు ఎనకాముందు అయితదని డాక్టరమ్మ చెప్పింది. నీ ఈడుల ఊరికెనే గూడ తప్పుతది. చూస్తే గనీ తెల్వదు. రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం. నాకు ఒంట్ల బాగలేదని చెప్తం, నువ్వు తోడొస్తున్నవని చెప్తం. లీలమ్మ మంచిది. ఒక్క మాట బయటికి పోనియ్యది. కడుపు గాకుంటే ఆమెనే నీకు వేరే సీసా ఇస్తది. నా సీసాల చెయ్యి పెట్టే పని లేదు."

ఆఖరి మాట అత్తను నవ్వించాలని అన్నది. గుర్వమ్మ నవ్వలేదు. ఆమెకు పట్టిన చెమట పొయ్యి వేడికే అని యాదలక్ష్మి అనుకున్నది కానీ, పొయ్యిలో మంట ఎప్పుడో తగ్గింది. అత్త నుదురంతా తడిగా ఉంది. ఒక చెయ్యి చీర కుచ్చిళ్ళ కింద పొత్తికడుపును అదిమిపెట్టి ఉంది. ఎంత సేపటి నుంచి అలా పట్టుకుని ఉందో యాదలక్ష్మి గమనించలేదు.

"కడుపు గాకపోవచ్చునంటవా?" అన్నది గుర్వమ్మ. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది.

"కాకపోవచ్చు. బిళ్ళల తోనే తప్పి ఉండొచ్చు."

"ఈ మాట నిన్న అడిగితే మంచిగుండు."

"నిన్న ఏమైంది?"

గుర్వమ్మ కళ్ళు మూసుకున్నది. "నిన్న మాపటికి ఆ అవ్వ తానకు పోయిన. పొద్దుగాల తాగిన."

యాదలక్ష్మికి అర్థమైంది. పక్క ఊళ్ళో కడుపు పోయేందుకు కషాయాలు కాచి ఇచ్చే ముసలమ్మ ఉన్నదని ఆడవాళ్ళందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరూ పలకరు. పోయిన ఎండాకాలం గొల్ల జంగమ్మ ఆమె దగ్గరికే పోయి వచ్చింది. కడుపునొప్పితో పోయిందని ఊళ్ళో మగవాళ్ళు చెప్పుకున్నారు. శవానికి స్నానం పోసిన ఆడవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఆ స్నానం పోసిన వాళ్ళలో గుర్వమ్మ కూడా ఉంది. చూసి కూడా ఆ ముసలమ్మ దగ్గరికే పోయింది. అంత భయపడ్డది.

"అత్తా!" యాదలక్ష్మి ఆమె భుజాలు పట్టుకున్నది. ఒళ్ళు వణుకుతున్నది, చెయ్యి పెడితే చల్లగా తగిలింది. "ఎంత తాగినవ్?"

"ఇచ్చిందంత." గుర్వమ్మ ముందుకు వంగిపోయింది. పళ్ళ మధ్య నుంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. "పొద్దటి సంది నొస్తాంది. తగ్గుతదనుకున్న. ఇప్పుడు ఎక్కువైతాంది. నువ్వు గురిగిల చెయ్యి పెడుతుంటే చూసిన... సచ్చిపోతే నీకు చెప్పకుండ పోతనేమోనని లోపటికొచ్చిన. నీ బిళ్ళలు నేనే తీసిన్నని చెప్పాలె కదా. లేకుంటే నువ్వు ఎవరినెవరినో అనుమానపడుతవు."

"లే అత్తా. లే. దవాఖానకు పోదాం."

"వద్దు."

"జంగమ్మ ఎట్ల పోయిందో చూసినవ్ గదా!"

"చూసిన గనుకనే వద్దంటున్న. అయిందేదో ఇంట్లనే కానియ్యి. నలుగురికి తెలుస్తది."

"అత్తా, నన్ను బండిల ఏసుకొని పోయినప్పుడు నలుగురికి తెలుస్తదని చూసినవా?"

గుర్వమ్మ ఆమె వైపు చూసింది. మళ్ళీ నొప్పి వచ్చి, అది పోయేదాకా కోడలి చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టింది.

"వస్త. గనీ మీ మామకు తెల్వొద్దు. అంజిగానికి తెల్వొద్దు. వాళ్ళకు ఎన్నటికీ తెల్వదని పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. అప్పుడు లేస్త."

"ఒట్లెందుకత్తా ఇప్పుడు?"

"వెయ్యకుంటే ఇక్కడికెల్లి కదల."

చెప్పిందంటే అంతే, ఆమె సంగతి యాదలక్ష్మికి తెలుసు. నిద్రపోతున్న కూతురి దగ్గరికి పోయి, వెచ్చగా ఉన్న ఆ చిన్న తల మీద చెయ్యి పెట్టింది. "ఎవరికీ చెప్ప," అన్నది. ఆ మాట అంటున్నప్పుడు తన చెయ్యి తనకే బరువుగా తోచింది.

గుర్వమ్మను లేపి నిలబెట్టింది. రెండు అడుగులు వేయగానే ఆమె మోకాళ్ళు మడత పడ్డాయి. గడప దగ్గర గోడకు ఆనించి కూర్చోబెట్టింది. కూర్చున్న చోట నేల మీద రక్తం మరక కనబడింది. చిన్నదే. కానీ యాదలక్ష్మికి ఆ రంగు బాగా తెలుసు. అది ఆగదేమోనన్న భయం కూడా తెలుసు. బస్సు కోసం రోడ్డుదాకా నడిపించడం అయ్యే పని కాదు. లాల్ బీ ఇంటికి పరుగెత్తాలి. ఆమె కొడుకు చోటే మియా గుర్రపు జట్కా నడుపుతాడు. ఇంట్లో ఉంటే ఏమీ అడగకుండా తీసుకుపోతాడు.

గడియ తీసి తలుపు లాగింది.

వాకిట్లో మామ బీరప్ప ఉన్నాడు. భుజం మీద గొంగడి, చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. చింతచెట్టు కింద ఎడ్లబండి విప్పి ఉంది, ఎడ్లు మేతకు తలలు వంచాయి. మంద దగ్గర నుంచి ఆ వేళకు రావలసిన మనిషి కాదు.

"పట్టపగలు తలుపేసుకున్నరేంది బిడ్డా?" అన్నాడు. "గీ పిల్ల తల్లి పాలిస్తలేదు. మీ అత్తకు ఇద్దామని తెచ్చిన. ఆమె చేతుల పడితే ఏ పిల్లయినా బతుకుతది. ఏది, లోపటున్నదా?"

యాదలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చోటే మియా జట్కా ఇంట్లో ఉన్నదో, జడ్చర్ల పోయిందో తెలియదు. ఎదురుగా బండి ఉంది. ఎడ్లు ఉన్నాయి. తోలడానికి మనిషి ఉన్నాడు. కట్టమంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెప్పనని వేసిన ఒట్టు వెచ్చదనం ఇంకా చేతికి ఉంది. వెనక గోడ దగ్గర నుంచి గుర్వమ్మ మూలుగు వినబడింది. దాన్ని మింగేయడానికి ఆమె ఎంత ప్రయత్నించిందో కూడా వినబడింది.

బీరప్ప ముఖంలో నవ్వు పోయింది. "ఏందది?"

"వద్దు యాదీ," అన్నది లోపలి నుంచి గుర్వమ్మ. "బిడ్డ మీద ఒట్టేసినవ్."

యాదలక్ష్మి వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నోరు పెగలదని తెలుసు.

"మామా," అన్నది. "నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఇప్పుడే ఒక ఒట్టేసిన. దాన్ని తప్పుతున్న. ముందుగాల బండి కట్టు. కట్టుకుంట ఇను."